క్యారమ్స్ బోర్డు మీద పరీక్ష

జ్ఞానసుందరి టీచరు పరీక్ష గదిలోకి వస్తే పిల్లలు ముందు చేతులు చాపి చూపించేవారు, తర్వాతే కలాలు తీసేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు, అలవాటైపోయింది. జడ రిబ్బనులో మడిచిన చీటీ, అట్ట వెనక పెన్సిలుతో రాసుకున్న తేదీలు, అరికాలి మీద రాసుకొచ్చిన నదుల పేర్లు, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆవిడ పట్టుకోనిది లేదు. కొట్టేది కాదు, తిట్టేది కాదు. పేపరు తీసుకుని సున్నా చుట్టి కింద సంతకం పెట్టేది. పిల్లలకు దెబ్బకన్నా ఆ సంతకమే భయం.

బడి విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లే దారిలో ఉంది. రోజూ పట్నంలో బస్సెక్కి వచ్చి, సోషల్ పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. తండ్రి బాప్టిస్టు చర్చిలో పెద్ద. అబద్ధమాడకూడదని ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, తాను ఆడేవాడు కాదు, అంతే. యాభై మూడేళ్లు వచ్చాక ఆవిడ గర్వంగా చెప్పుకునే మాట ఒక్కటే: నా దగ్గర దొంగ మార్కు ఉండదు. ఆ మాట చెప్పుకోవడానికి నోరు లేకుండా ఎలా పోయిందో చెబుతాను.

పోయిన ఏడాది ఉపాధ్యాయులకు ఒక ఆన్‌లైన్ శిక్షణ వచ్చింది. వెబ్‌లో దొరికే సాధనాలతో పాఠం ఎలా చెప్పాలో అందులో నేర్పుతారు. ఫోనులోనే ప్రశ్నపత్రం తయారుచేసి పిల్లలకు పంపడం, పటం మీద ఊళ్లు గుర్తించడం, అలాంటివి. పది పాఠాలు, ఒక్కో పాఠానికి ఒక వీడియో, కాస్త అభ్యాసం, అన్నిటికీ చివర ఒక పరీక్ష. ఎవరి వీలును బట్టి వారు చేసుకోవచ్చన్నారు. వీలును బట్టి అంటే మన బళ్లలో ఎవరికీ వీలు కుదరదని వేరే చెప్పాలా? మూడు నెలలు ఎవరూ ముట్టుకోలేదు. జ్ఞానసుందరి మాత్రం మొదటి వీడియో రెండుసార్లు పెట్టి చూసింది. అందులో అమ్మాయి గడగడా మాట్లాడేస్తూ ఎక్కడెక్కడో నొక్కేస్తోంది. తాను వేలు పెడితే ఏం పోతుందోనని ఆవిడకు భయం వేసింది. టీచరై ఉండి ఆ భయం ఎవరితో చెప్పుకుంటుంది?

ఒక బుధవారం హెడ్మాస్టరు గణపతిరావు గారు స్టాఫ్ రూములోకి వచ్చి, శనివారం కల్లా మన బడి నూటికి నూరు శాతం పూర్తి కావాలన్నారు. ఎలాగని ఎవరూ అడగలేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు దేవేంద్ర ఉన్నాడు కదా.

దేవేంద్ర మంచివాడు, ఎవరు ఏం అడిగినా కాదనడు. ఆటల గదిలో క్యారమ్స్ బోర్డు మీద అందరి ఫోన్లూ వరసగా పరిచి, అన్నింటిలోనూ వీడియోలు ఒకేసారి పెట్టేస్తాడు. అవి గోడలకు పాఠాలు చెబుతుంటే, తాను గుమ్మంలో కూర్చుని పిల్లల కబడ్డీ చూసుకుంటాడు. పరీక్షను మొదట తన ఫోనులో రాసి, సరైన జవాబులు తెలిశాక మిగతా ఫోన్లలో నొక్కేస్తాడు.

"ఏడు ఫోన్లు వచ్చేసినాయమ్మా, మీదే తక్కువ. ఏటి ఆలోసిస్తన్నారు, ఇలాగిచ్చేయండి," అన్నాడు.

"నేనే చేసుకుంటాను దేవేంద్రా."

"ఎప్పుడు సేసుకుంటారండి? మీ ఒక్కరి వల్ల బడికి ఎనభై ఏడు శాతమని పడతాది."

ఇచ్చేసింది. శనివారం బస్సులో చూసుకుంటే నూటికి నూరు మార్కులు, పేరు అచ్చువేసిన సర్టిఫికెట్. గండం గడిచిందనుకుంది.

తర్వాతి వారం తొమ్మిదో తరగతికి యూనిట్ పరీక్ష. కుమారి అనే పిల్ల జామెట్రీ బాక్సులో చీటీ దొరికింది. టీచరు పేపరు లాక్కుని సున్నా చుట్టి సంతకం పెట్టింది.

"ఎందుకు చేశావే?"

"అక్షాంశాలు, రేఖాంశాలు ఎంత సదివినా బుర్రకెక్కట్లేదు టీచరు గారూ. బయమేసింది."

"రాకపోతే అడగాలి. చూసి రాయడం దొంగతనం కాదూ?"

కుమారి తల దించుకోలేదు. "మీ ఫోను కూడా కేరంసు బోర్డు మీద సూసినాను టీచరు గారూ. నీలం కవరుది. బంతి కోసమెల్తే, టీచర్లకి పరీచ్చ రాస్తన్నాను, అవతలికెల్లి ఆడుకోండని దేవేంద్ర మాస్టారు అన్నారు."

గదిలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే గద్దించడానికైనా వీలుండేది. పిల్లలందరికీ ముందే తెలుసన్నమాట. తెలిసీ ఇందాక చేతులు చాపి చూపించారు. జ్ఞానసుందరి "రాయండి," అని మాత్రం అని కుర్చీలో కూలబడింది.

మర్నాడు గణపతిరావు గారు ఇంకో కబురు తెచ్చారు. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే సమావేశం రెండు వారాల్లో ఉంది. ఆ సాధనాలు అక్కడ జ్ఞానసుందరే చేసి చూపించాలట. నూరు వచ్చినవాళ్లలో ఆవిడే సీనియర్.

"అది నేను చేయలేదు సార్. మీకూ తెలుసు."

"నాకు తెలిస్తే ఏటమ్మా, పైకి తెలీకూడదు. దేవేంద్ర సేత నేర్పించుకోండి."

ఆవిడ దేవేంద్ర దగ్గరకు వెళ్లలేదు. శిక్షణ మళ్లీ తెరిచింది. పాఠాలు చూడనిచ్చింది కానీ పరీక్ష దగ్గర "మీరు పూర్తిచేశారు" అని చూపించి ఊరుకుంది. సరే, పాఠాలైనా దక్కాయనుకుంది. పొద్దున బస్సులో సగం, సాయంత్రం బస్సులో సగం. గడగడా మాట్లాడే ఆ అమ్మాయిని పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోలేదు. ఈ సుఖం మూడు నెలల ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

అయిదో పాఠం పటం గురించి. రామతీర్థం కొండను గుర్తించబోతే అది పోయి ఉత్తర ధ్రువం పక్కన మంచులో పడింది. చూస్తే అక్షాంశం గడిలో రేఖాంశం వేసింది. అదీ సోషల్ టీచరు! బస్సులో పైకే నవ్వేసింది. ఆ వెంటనే కుమారి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సమావేశంలో నలభై మందికి పైగా ఉన్నారు. తెర ముందు నిలబడి ఆవిడ, "ముందొక మాట. నా నూరు మార్కులూ నావి కావు. నా ఫోనులో వేరొకరు నొక్కారు, నేనే ఇచ్చాను. తర్వాత కూర్చుని నేర్చుకున్నవి అయిదు పాఠాలు. ఆ అయిదే చూపిస్తాను," అంది. గణపతిరావు గారు ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయారు. మిగతావాళ్లు ఒళ్లో ఫోన్లు చూసుకున్నారు. ప్రతి బడిలోనూ ఒక క్యారమ్స్ బోర్డు ఉంది మరి. ఆవిడ తన పటం చూపించింది, మంచులో పడ్డ రామతీర్థం కూడా చూపించింది. వెనక వరసలో సోములు మాస్టారని, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే పెద్దాయన, పుస్తకం తీసి రాసుకున్నాడు.

"పరువు తీసేసినారమ్మా," అన్నారు బయటికొచ్చాక గణపతిరావు గారు.

"నాది కూడా పోయింది సార్," అంది ఆవిడ.

ఆ వారమంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక కుమారికి ఫోనులో పటం తెరిచి అక్షాంశాలు నేర్పింది. తన తప్పు చూపించి మరీ నేర్పింది. మళ్లీ పరీక్ష పెట్టి, పాత సున్నా కొట్టేసి, ఇరవై అయిదుకు పదకొండు వేసింది.

"పదకొండేనా?" అంది కుమారి.

"పదకొండూ నీవేనే."

"మీకు నూరొచ్చాయంట కదండి."

"అవి దేవేంద్ర మాస్టారివి. నాకెన్ని వచ్చేవో నాకే తెలీదు. మళ్లీ రాయనివ్వరట."

కుమారి ఆవిడ ముఖంలోకి జాలిగా చూసింది. "పోనీ పరీచ్చ నేను పెడతాను టీచరు గారూ, రాస్తారేటి?"

జ్ఞానసుందరి టీచరు రెండు చేతులూ చాపి, తిప్పి చూపించింది.