డాక్టరుగారు ఆపిన మార్చ్

మా చిన్న ద్వీపదేశం ఉత్తర కొసన, యీషున్ దాటి సైనిక క్యాంపు గేటు దగ్గర దిగేసరికి ఉదయం ఏడున్నర. వాన అప్పుడే వెలిసింది. తారురోడ్డు ఆవిర్లు కక్కుతోంది. ఐటీ కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్న రోజులవి. నాతో చదివిన ఆడపిల్లలు అప్పటికే కంప్యూటర్ కోర్సుల్లో ఉన్నారు. మగపిల్లలకు మాత్రం రెండేళ్లు సైన్యం తప్పదు. నా చేతికి థర్మామీటరు ఇచ్చి మెడిక్, అంటే డాక్టరుకు సహాయకుడు, అన్నారు.

మా మెడికల్ ఆఫీసర్ కెప్టెన్. మలేసియా రబ్బరు ఎస్టేట్ల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబం, మాలాగే. సైన్యం వదిలాక ఎన్నికల్లో నిలబడతారని అందరికీ తెలుసు. ఆయన టేబుల్ మీద ఎప్పుడూ ఒకే పుస్తకం ఉండేది: అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులకు వైద్యం చేసి, ఆ తర్వాత చట్టసభలో కూర్చున్న ఒక డాక్టరు జీవితం.

"ఆ యుద్ధంలో తూటాల కంటే జ్వరాలకే ఎక్కువమంది పోయారురా. ఆస్పత్రులు కంపుకొడుతున్నాయని పైవాళ్లకు రాశాడీయన. ఉద్యోగం ఊడింది," అన్నారు ఒకరోజు.

"మీరు మందిస్తారా సర్, ఉపన్యాసమా?"

"రెండూనూ. ఉపన్యాసమే ఎక్కువ చేదు."

ఆర్నెల్లకు పెద్ద మార్చ్ వచ్చింది. ఇరవై నాలుగు కిలోమీటర్లు, వీపున ఇరవై కిలోల మూట. పూర్తి చేస్తేనే యూనిట్ బ్యాడ్జి. ముగింపు దగ్గర జనరల్ ఉంటారు.

ఐదుంపావుకు అందరికీ జ్వరం చూశాను. దళం రేడియో మోసే సిగ్నల్‌మన్ యీషున్ తెలుగువాడు. మొహం కందిపోయి ఉంది. నోట్లో పెట్టిన థర్మామీటరు ముప్పై ఏడు సెల్సియస్ చూపించింది, జ్వరం లేనట్టే. "ఫిట్" అని రాసేశాను. వరుసలోకి రాకముందు వాడు ఫ్లాస్కులోని ఐసు మిలో, అదే చల్లటి చాక్లెట్ పానీయం, పుక్కిట పట్టాడని అప్పుడు నాకు తెలియదు. పని ఎగ్గొట్టడానికి జబ్బు నటించేవాణ్ని మా దగ్గర "కెంగ్" అంటారు. ఆ మాట పడలేక వీడు ఆరోగ్యం నటించాడు.

ఎనిమిదీ నలభై. పదిహేడో కిలోమీటరు. డాక్టరుగారూ నేనూ వెనక అంబులెన్సులో ఉన్నాం. దళం ఎంతవరకు వచ్చిందో చెప్పమని మా యూనిట్ కమాండర్ రేడియోలో అడిగారు. సిగ్నల్‌మన్ గొంతు వచ్చింది.

"అమ్మా, ఫ్యాను పెంచవే. ఉక్కగా ఉంది."

"సే అగెయిన్. ఓవర్," అన్నారు కమాండర్.

ఆ తెలుగు అర్థమైంది మా ఇద్దరికే. డాక్టరుగారు మైకు లాక్కున్నారు.

"పెంచాను నాన్నా. కూర్చో. అక్కడే కూర్చో, వస్తున్నా." వెంటనే ఇంగ్లీషులోకి మారి మార్చ్ ఆపమన్నారు.

"ఇంకా ఏడే కిలోమీటర్లు డాక్టర్. జనరల్ వెయిటింగ్. ఆ ఒక్కణ్ని ఎక్కించుకో," అన్నారు కమాండర్.

"ఒకడికి తప్పు చూశామంటే మిగతావాళ్లకీ తప్పే చూసుంటాం సర్. అందరూ కూర్చోవాలి. సంతకం నాది."

సిగ్నల్‌మన్‌కు జ్వరం నలభై ఒకటి దాటింది. ఐసు, సెలైన్. మళ్లీ చూస్తే ఇంకో ఇద్దరికి జ్వరం. ముగ్గురూ బతికారు. జనరల్ ఖాళీ మైదానం చూసి వెళ్లిపోయారు.

"ముప్పై ఏడు రాసింది నేనే సర్," అన్నాను సాయంత్రం.

"తెలుసు. నోట్లో ఏముందో అడిగాకే థర్మామీటరు పెట్టమని నేను నీకు నేర్పలేదు. అదే రాశాను."

రిపోర్టులో తప్పంతా తన మీదే వేసుకున్నారు. ఆ మాట మెత్తగా రాయమని, ఆయనకు సీటిస్తామన్న పార్టీవాళ్లు బతిమాలారు. వినలేదు. ఆ ఎన్నికల్లో సీటు రాలేదు. తర్వాతిసారి నిలబడి ఓడారు. మా ఇంటి ఓట్లన్నీ ఆయనకే. సిగ్నల్‌మన్ ఇప్పుడు వన్-నార్త్ ఐటీ పార్కులో కంప్యూటర్ల ముందు కూర్చుని బొజ్జ పెంచాడు.

నా రెండేళ్లూ పూర్తయ్యాయి. యూనిఫాం ఇచ్చేసి మా ఇల్లున్న సెరంగూన్‌కు ట్రైన్ ఎక్కాను. ఆయన కింద పనిచేశానని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెబుతాను.

ఒక్క దృశ్యం మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. కాలే తారురోడ్డు. సిగ్నల్‌మన్ బూటు తాడు చెమటకు తడిసి ముడి బిగుసుకుపోయింది. కత్తెర తేవడానికి నేను పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి కెప్టెన్ మోకాళ్ల మీద వంగి, ఆ ముడిని పళ్లతో విప్పుతున్నారు.