ఇంటికొచ్చిన ఓటు

ఆటో తిరగబడి నా కాళ్లు చచ్చుబడిపోయాక, నేను నలుగురినీ చూసేది ఓట్ల రోజునే. అంతకుముందు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని విడవలూరు చుట్టుపక్కల వీధివీధీ తిరిగినదాన్ని. తర్వాత తమ్ముడింటి వసారాలో మంచమే దిక్కయింది. ఎన్నికలొస్తే మాత్రం పార్టీలవాళ్లు పోటీపడి ఆటో పంపేవాళ్లు. కుర్చీతో సహా ఎత్తి బడి మెట్లెక్కించేవాళ్లు. వరుసలోని ఆడవాళ్లంతా నా చుట్టూ మూగేవాళ్లు.

మొన్నటి అసెంబ్లీ ఎన్నికలకు ముందు ఓట్ల పని చూసే అంగన్‌వాడీ టీచరు వచ్చింది.

"అక్కా, నీలాంటోళ్లకి ఈసారి ఇంటికాడనే ఓటు. సంతకం పెట్టు, మోసే తిప్పలుండవు."

మోసేవాళ్ల ఆయాసం నాకెప్పుడూ సిగ్గుగానే ఉండేది. వెంటనే పెట్టాను.

పోలింగుకు ముందే ఒక మధ్యాహ్నం ఆఫీసర్లు, పోలీసు, వీడియో తీసే అతను వచ్చారు. మంచం మీద అట్టతో మరుగు కట్టి, మరదలిని బయటికి పంపారు. కాగితం మీద గుర్తు పెట్టి, కవరు అంటించి ఇచ్చాను.

"అంతేనా సార్?"

"అంతేనమ్మా."

పొయ్యి మీద అన్నం ఉడికేలోపే జీపు వెళ్లిపోయింది.

పోలింగు రోజు వీధంతా ఖాళీ అయింది. ఈసారి నాకు ఏ ఆటో రాలేదు.

"నేనూ వస్తానే" అన్నాను మరదలితో.

"నీ ఓటు అయిపాయ కదా వదినా, ఎండలో యాడికి?" అంటూ ఆమె వెళ్లిపోయింది.

కాసేపు ఓర్చుకున్నాను. తర్వాత పక్కవీధి ఆటో అతనికి నేనే ఫోను చేశాను.

అతనే నన్ను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాడు. బడి దగ్గర పోలీసు ఆపాడు. ఓటు వేసేశానంటే, "అయితే లోపలికి పోకూడదమ్మా" అన్నాడు. రోడ్డవతల ఆటోలోనే కూర్చున్నాను. నాతో చేపలమ్మినామె బయటికొస్తూ నన్ను చూసింది.

"ఓటెయ్యకుండా ఈడ కూర్చున్నావేంది?"

"ఇంటికొచ్చి ఏయించుకున్నారు."

"అదృష్టమంటే నీదే! పొద్దున్నుంచి ఎండలో నిలబడి నా కాళ్లు పీకుతా ఉండాయి" అంటూ నా పక్కన కూలబడింది. తట్టలు మోసిన రోజులు, పోయినవాళ్లు, పుట్టినవాళ్లు, అన్నీ చెప్పింది. ఇంతలో కోడలు పిలిస్తే లేచి వెళ్లింది.

నేను తిరిగొచ్చేసరికి మరదలు ఇంట్లోనే ఉంది.

"ఎవురెవురు కనిపించినారు వదినా?"

కనిపించింది ఒక్కతే అయినా, ఆమె చెప్పినవాళ్ల సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను. మరదలు లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించుకుంది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.