చిట్టోడి బండిలో కోసిన రేకు

చిట్టోడా, కొడకా, ఈ రోజు నీ స్నేహితుడు సోమన్న తల పగలగొట్టాను.

నువ్వు పోయాక కదలని నీ పికప్ మళ్లీ అరకు సంతకు తిరగాలని, వేరే బండి డీజిల్ ఇంజిన్ తెచ్చి బిగిస్తున్నాడు. అది పెద్దదై పట్టలేదు. చోటు కోసం, డ్రైవర్ సీటు ముందు నీ పాదాలు ఆని రంగు పోయిన రేకును గ్యాస్ కట్టర్‌తో కోయబోయాడు. వద్దంటే వినలేదు. వీల్ పానా తీసి కొట్టాను. నుదురు చిట్లి, నెత్తురు ఇంజిన్ మీద పడింది.

"కొట్టు అత్తా, ఇంకోటి కొట్టు. ఆడు సచ్చిపోయాక నన్ను కొట్టీవోళ్లే నేరు," అని ఏడ్చాడు.

"నోర్ముయ్ ఎదవా, ఇలా రా," అని కొంగు చింపి కట్టాను. "ఇంక కొయ్యి."

ఇంజిన్ బిగించాక, తాళం తిప్పగానే బండి అరిచింది. డ్రైవర్ సీటు వైపు చూశాను. సోమన్నే ఉన్నాడు.

సాయానికొచ్చినవాణ్ణి, ఇది చదువుతున్న మీరెవరైనా ఇలా కొట్టారా? పొద్దున్నుంచి నేనేమీ తినలేదు, అందుకే చెయ్యి అలా లేచిందేమో. మీరు మాత్రం కడుపునిండా తినండి.