కుళాయి దగ్గర పోయిన మావగారు

మా ఇంట్లో కేబుల్ తీయించింది నేనే. అందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో వానాకాలం ఏడాదిలో సగాన్ని మించి ఉంటుంది. చినుకు పడితే చాలు, మా టీవీలో మనుషులు ముక్కలుగా విడిపోయేవారు. తల ఒకచోట, మీసం ఒకచోట. కేబుల్ భయ్యాకి ఫోన్ చేస్తే, "లైన్ పే హీ హూఁ భాభీ" అనేవాడు. ఏ లైన్ మీద ఉండేవాడో గానీ, మా లైన్ మీద మాత్రం ఎప్పుడూ కనపడలేదు.

నేను విజయనగరం వైపు నుంచి స్కూల్లో తెలుగు చెప్పడానికి వచ్చి, జంగ్లీఘాట్‌లో కోడలిగా స్థిరపడినదాన్ని. మా అత్తవారు తాతల నాటి నుంచీ ఇక్కడివాళ్లే. మా ఆయన హార్బర్‌లో పని చేస్తారు. నేను వచ్చిన కొత్తలో ఇక్కడ ఇంటర్నెట్ అంటే తెర మీద గిరగిరా తిరిగే ఒక సున్నా. అది తిరుగుతుండగానే అన్నాలు తిని చేతులు కడుక్కునేవాళ్లం. తర్వాత సముద్రం అడుగున చెన్నై నుంచి తీగ వేశారు. సున్నా తిరగడం మానేసింది. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక్కొక్కరే కేబుల్ మానేసి నెట్ టీవీకి మారిపోయారు. "మీ ఇంట్లో ఇంకా కేబులేనా మేడమ్?" అని అడిగేవారు, మా ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యే ఉందన్నట్టు. నాకు రోషం ఎక్కువ. ఆ నెలలోనే మార్పించాను.

మా అత్తగారు ఒప్పుకోలేదు.

"సముద్రం అడుగున వైరేటమ్మా, ఏ షిప్పోడో లంగరేసి లాగీసినాడంటే? సీరియల్ మజ్జలో ఆగిపోతాది. కేబుల్ అయితే భయ్యా ఉన్నాడు."

"ఆ భయ్యా ఎప్పుడైనా వచ్చాడా అత్తా?"

"రానీ, రాకపోనీ. తిట్టడానికి మనిషంటూ ఉన్నాడు గదా. ఈ నెట్టోడిని ఎక్కడికెల్లి తిడతావు?"

అయినా ఆవిడ అసలు భయం లంగరు గురించి కాదు. అదేమిటో నాకు ముందే తెలుసు.

మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఎండాకాలంలో అయితే ఇంకా అరుదు. వీధి మొదట్లో ఉన్న కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలు, బకెట్లు వరసలో పెట్టి కూర్చుంటారు. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి ముందుగానే వెళ్తారు. ఆ ఎదురుచూపులోనే మా అత్తగారు సీరియల్ కథ చెప్పేవారు. సాయంత్రం సీరియల్ వేళకి మా వైపు కరెంటు పోవడం మామూలే, ఇన్వర్టర్ ఉన్నది మా ఇంట్లోనే. పైగా చేపలమ్మే అక్క ఆ వేళకి బజారులో ఉంటుంది. ఎదురింటి అమ్మాయి అబర్డీన్ బజార్‌లో బట్టల షాపు మూసి వచ్చేసరికి సీరియల్ అయిపోతుంది. కాబట్టి మా వీధిలో సీరియల్ ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఛానెల్ కాదు, నీళ్లవాళ్లు. చూపించేది మా అత్తగారు. కథంతా తెలుగులో నడిపి, ఏడుపు వచ్చే చోట మాత్రం హిందీలోకి దిగేవారు, బెంగాలీ దీదీలు కూడా ఏడవడానికి వీలుగా. ఆవిడ చెబుతుంటే మా బిందెలు వరసలో ఎక్కడున్నా ఎవరో ఒకరు ముందే నింపేసేవారు. భర్త పోయి, మోకాళ్లు అరిగి, వంటింటి పెత్తనం నాకు వదిలేసిన మనిషికి ఆ కుళాయి గట్టే సింహాసనం. నెట్ వస్తే ఎవరి కథ వాళ్లు ఫోన్లో చూసుకుంటారు. అప్పుడు ఆవిడ వరసలో నిలబడి నీళ్లు పట్టుకునే ఇంకో ముసలమ్మ. ఆవిడ భయం అది.

దానికి తోడు ఇంకో చిక్కు కూడా ఉంది. అది ఒక సెలవు రోజు నేనే స్వయంగా విన్నాను.

ఆ సీరియల్‌లో ఒక మావగారు ఉన్నారు. కోడలిని రాచిరంపాన పెడుతుంటారు. ముందురోజు ఎపిసోడ్‌లో మెట్ల మీద నుంచి పడితే ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు బయటికి వచ్చి కళ్లద్దాలు తీశాడు. అక్కడితో ఆపేశారు. మర్నాడు నేను బిందె పట్టుకుని వెళ్లేసరికి, కుళాయి దగ్గర మా అత్తగారు ఆ మావగారిని చంపేసి, శవాన్ని ఇంటికి తెచ్చి, అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. వీధి వీధంతా కొంగులు కళ్లకి అద్దుకుంటోంది. కోడలు మాత్రం ఏడవకుండా లోపలికెళ్లి పొయ్యి వెలిగించుకుందట. చెప్పొద్దూ, అంత బాగా ఆ సీరియల్‌లో ఏనాడూ తీయలేదు.

ఇంటికి వస్తూ అడిగాను. "ఆయన పోలేదు కదా అత్తా?"

"డాక్టరు మొకం సూసినావా నువ్వు? అలాటి మొకమెట్టుకునే డాక్టరున్న ఆస్పత్రిలో ఎవులు బతుకుతారు?"

"మరి రేపు బతికి వస్తే?"

ఆవిడ ఆగి నా వైపు చూశారు. "ఆ కోడలు పిల్ల ఎన్నాళ్లని పడతాదమ్మా? నాకు సూడబుద్ది కాలేదు. సంపీసినాను."

కోడలిగా నాకు ఆ క్షణంలో ఆవిడ మీద పొంగుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. నోరు మూసుకున్నాను. మర్నాడు టీవీలో మావగారు కట్టు కట్టుకుని ఇంటికి వచ్చి, కోడలు చేసిన ఉప్మాలో ఉప్పు లేదని ప్లేటు విసిరేశారు. మా అత్తగారు పళ్లు నూరుకున్నారు. అప్పటి నుంచి టీవీలో ఒక కథ, కుళాయి దగ్గర ఇంకో కథ. కుళాయి దగ్గర కర్మకాండలు కూడా ఘనంగా జరిగిపోయాయి.

ఇంతలో నేను కేబుల్ తీయించాను. పెట్టె తీసుకెళ్లడానికి కేబుల్ భయ్యా మొదటిసారిగా మా ఇంటికి వచ్చాడు. నన్ను నిందిస్తాడనుకున్నాను. వైరు చుట్టుకుంటూ, "హమారే ఘర్ మే భీ నెట్ హీ హై భాభీ" అన్నాడు. వాళ్లింట్లోనూ నెట్టేనట! అత్తగారు అతనికి టీ కూడా ఇవ్వలేదు.

ఆ వెనకే ఎదురింటి అమ్మాయి తన ఫోన్లో ఆ సీరియల్ వచ్చే యాప్ పెట్టుకుంది. బస్సులో వచ్చేటప్పుడు పాత ఎపిసోడ్లన్నీ చూడడం మొదలుపెట్టింది. తర్వాతి నీళ్ల రోజున నేనూ అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి అందరి ముందూ అడిగేసింది.

"పిన్నీ, మావగారు పోనాడన్నావు గదా. ఫోన్లో అయితే మంచిగా కూకుని ఉప్మా తింటన్నాడు."

అందరూ మా అత్తగారి వైపు తిరిగారు. తేలు కుట్టిన దొంగలా నేను బిందె వైపు చూస్తున్నాను. మా అత్తగారు మాత్రం కళ్లు కూడా ఆర్పలేదు.

"అంటే మీ ఫోన్లలోకి ఇంకా రానేదన్నమాట," అన్నారు, జాలిగా.

చేపలమ్మే అక్క ముందు తల ఊపింది. "అవునవును. ఇధర్ కా నెట్ స్లో హై నా." పక్కనున్న దీదీ కూడా ఊపింది. మరో చోట అయితే ఈ అబద్ధం నిలిచేది కాదు. కానీ ఇక్కడ పేపరు ఆలస్యంగా వస్తుంది, ఉల్లిపాయలు షిప్పు వస్తే వస్తాయి, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చేలోపు ఆ మనిషి రిటైరయిపోతాడు. ఒక మనిషి చావు మెయిన్‌ల్యాండ్ నుంచి ఇక్కడికి చేరడానికి కొంత టైమ్ పట్టడంలో వింతేముంది? టీచరుని, నేనైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ అమ్మాయి ఫోన్ని ఒకసారి విదిలించి కొంగులో దోపుకుంది.

అప్పటి నుంచి మా వీధి మొత్తం మావగారి చావు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఎప్పుడొస్తుందో తప్పిపోకుండా చూడాలని చేపలమ్మే అక్క యాప్ పెట్టించుకుంది. ఆవిడని చూసి ఇంకొకరు. నెట్ కంపెనీ ఎన్ని ప్రకటనలిచ్చినా కదలని మా వీధిని మా అత్తగారు ఒక్క అబద్ధంతో కేబుల్ నుంచి మళ్లించేశారు. ఆ కంపెనీవాళ్లు ఆవిడకి శాలువా కప్పాలి, న్యాయంగా అయితే.

ఇంట్లో మాత్రం ఆవిడకి మనశ్శాంతి లేదు. సీరియల్ వేళకి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి కూర్చునేవారు. తెర మీద మావగారు దగ్గితే ముందుకి వంగేవారు. కారెక్కితే, "బ్రేకు ఫెయిలవుతాదేటో" అనేవారు. ఒకరోజు ఆయన గుండె పట్టుకున్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. అది గ్యాసని తేలింది. "ఎంత గట్టి పిండమే ఈడిది," అని ఆవిడ లేచి వెళ్లిపోయారు. మా ఆయన అన్నం కలుపుకుంటూ, "అమ్మకి ఆయన మీద అంత కోపం దేనికి?" అని అడిగారు. ఇంట్లో ఏం జరుగుతోందో మగవాళ్లకి ఎప్పుడు తెలిసింది గనక?

చివరికి సీరియల్ అయిపోయింది. ఆఖరి ఎపిసోడ్‌లో మావగారికి ఉన్నట్టుండి బుద్ధి వచ్చి కోడలిని క్షమాపణ అడిగారు. కుటుంబమంతా ఫొటో దిగింది. నట్టనడుమ ఆయనే, నిండా పట్టుబట్టలతో, నిండు నూరేళ్లూ బతికేలా. శుభం పడింది. అత్తగారు రిమోట్ తీసుకుని టీవీ ఆర్పేశారు. నాకు చాలా బాధేసింది.

తర్వాతి నీళ్ల రోజున ఆవిడ లేవలేదు. "మోకాళ్లు లాగతన్నాయి. నువ్వెల్లు," అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. నీళ్ల రోజున ఆవిడకి మోకాళ్ల నొప్పి రావడం నేను ఎన్నడూ చూడలేదు.

నేను బిందెలు పట్టుకుని వెళ్లాను. వాళ్లేం అంటారో అని దారి పొడుగునా నాలో నేను జవాబులు తయారు చేసుకున్నాను. అత్తగారిని ఒక్క మాటంటే ఊరుకునేది లేదనుకున్నాను. అందరూ అప్పటికే ఉన్నారు. గట్టు మీద ఆవిడ చోటు ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోలేదు.

"పిన్ని రాలేదేటి?" అంది ఎదురింటి అమ్మాయి.

"మోకాళ్ల నొప్పి."

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చేపలమ్మే అక్క గొంతు సవరించుకుంది. వచ్చింది దెప్పిపొడుపు, అనుకున్నాను.

"సూడు టీచరమ్మా, ఫోన్లో ముసలోడు బతికిపోనాడు. పోనీ, ఆడి కర్మ. మన ముసలోడి సంగతి సెప్పు. ఆడు పోయినాక ఇంటి తాళాలు ఎవులి కొంగుకొచ్చినాయి? పోయినసారి పిన్ని అక్కడ ఆపీసింది."

"సీరియల్ అయిపోయింది కదక్కా," అన్నాను, వెర్రిమొహం వేసుకుని.

"ఫోన్లోది అయిపోనాది," అంది ఎదురింటి అమ్మాయి. "పిన్నిది అవలేదు గదా."

బిందెలు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లాను. ఆవిడ ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నారు.

"అత్తా, మావగారు పోయాక తాళాలు ఎవరికొచ్చాయని అడుగుతున్నారు."

గోడ వైపు నుంచే, "ఎవులు?" అన్నారు.

"అందరూ."

ఆవిడ మెల్లగా లేచి కూర్చున్నారు. జుట్టు ముడి వేసుకున్నారు. "నువ్వేటి సెప్పినావు?"

"నేనేం చెప్పలేదు."

"మంచి పని సేసినావు. సెప్పీసినావనుకున్నాను," అని చెప్పులు వేసుకుని నాకంటే ముందు నడిచారు.

మా ఇంట్లో టీవీలో ఇప్పుడు ఎన్ని భాషల్లో ఎన్ని కథలు కావాలంటే అన్ని ఉన్నాయి, వానొచ్చినా ఆగవు. ఆ రోజు మాత్రం నేను ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. తాళాలు ఎవరికొచ్చాయో నాకూ తెలియదు మరి.