సున్నం కొట్టిన కాలువ

1990లో నన్ను ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాకి ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్‌గా వేశారు. రైల్వేలో ఐ.ఓ.డబ్ల్యూ. అంటే చాలు. పట్టాలూ ఇంజన్లూ నావి కావు. క్వార్టర్లు, రోడ్లు, కుళాయిలు, కాలువలు నావి. రైలు ఆలస్యమైతే నన్నెవరూ అడగరు గానీ, ఎవరింట్లో కప్పు కారినా పొద్దున్నే నా ఆఫీసు మెట్ల మీద మనిషి కూర్చుని ఉండేవాడు. నా పైన అసిస్టెంటు ఇంజనీరు, ఆయన పైన డివిజనల్ ఇంజనీరు, ఆ పైన తలెత్తి చూడకూడనివాళ్ళు.

ఆ రోజుల్లో ఊరు పట్టపగ్గాల్లేకుండా పెరిగిపోతోంది. శివార్లలో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. ఒడిశా నుంచి, బీహారు నుంచి, మన శ్రీకాకుళం వైపు నుంచి జనం దిగుతూనే ఉన్నారు. ఊరి అంచునున్న తాల్‌బగీచాలో నిన్న పొలం ఉన్నచోట ఇవాళ మేడ, రేపు దాని మీద ఇంకో అంతస్తు. ఒక క్వార్టరులో ఒక కుటుంబమే ఉండాలని రూలు. బావమరుదులు, తోడల్లుళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్ళు వెనకాల రేకుల గదులు వేసుకుని ఉండేవారు. ఈ సంగతి నాకూ తెలుసు, నా పైవాళ్ళకూ తెలుసు. పెద్దలు దీనికి డెవలప్‌మెంట్ అని పేరుపెట్టి, సభలు చేసి, ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. ఇంతమంది నీళ్ళు ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం ఏ సభలోనూ విన్న గుర్తులేదు.

నిమ్‌పురా క్వార్టర్ల వెనక వెడల్పాటి మట్టికాలువ ఉండేది. వానాకాలంలో యార్డు నీళ్ళు, క్వార్టర్ల నీళ్ళు, ఎగువనున్న బస్తీల నీళ్ళు అన్నీ దాంట్లోంచే పోయేవి. చలికాలంలో చుక్క ఉండేది కాదు. మేకలు పడుకునేవి.

ఇక్కడ మా ఉద్యోగంలోని ఆచారం ఒకటి చెప్పాలి. ఏడాదికోసారి పెద్ద తనిఖీ జరుగుతుంది. అదెప్పుడూ చలికాలంలోనే. పెద్దవాళ్ళకి ఎండా పడదు, వానా పడదు. తనిఖీకి ముందు స్టోర్సు నుంచి గేరూ అనే ఎర్రరంగూ, సున్నమూ దిగుతాయి. చెట్ల మొదళ్ళకి గేరూ, దాని మీద తెల్లటి పట్టీ. గోడలకి సున్నం, అదీ పెద్దవాళ్ళు నడిచే వైపు మాత్రమే. కదలకుండా ఉన్నది ఏది కనిపించినా మా పనివాళ్ళు, అంటే ఖలాసీలు, వదిలేవారు కారు. ఒక ఏడు నిద్రపోతున్న మేక మీద కూడా ఓ చార పడింది.

నేను చేరాక వచ్చిన మొదటి తనిఖీకి అసిస్టెంటు ఇంజనీరుగారి హుకుం మీద కాలువకి కూడా ఆ మర్యాద జరిగింది. అడుగంతా ఊడ్చి, గ్రావెల్ పరిచి, దిమ్మిస కొట్టించారు. రెండు అంచులా ఇటుకలు పాతి సున్నం వేశారు. అది కాలువ అని ముందే తెలిసినవాళ్ళకి తప్ప అది కాలువలా కనిపించలేదు.

కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దాయన దాంట్లోకి దిగి, అటు చివరిదాకా ఠీవిగా నడిచి, ఇంత చక్కటి రోడ్డుని ఖాళీగా ఎందుకు ఉంచారని అడిగారు. డివిజనల్ ఇంజనీరు అసిస్టెంటు వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. అది వాననీటి కాలువ సార్ అన్నాను. వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి గుంజారు. మరి నీళ్ళేవీ అని పెద్దాయన నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి అందరూ నవ్వారు. జనవరి నెలలో ఆయనకి వరద చూపించడం నా తరం కాలేదు.

ఊరు పెరుగుతోంది, జనానికి బజారు కావాలన్నారాయన. ఎండలు ముదిరేలోగా కాలువలో రెండు సన్నటి పైపులు వేసి, మట్టి నింపి, పైన సిమెంటు పలకలు పరిచారు. రెండు వరసల దుకాణాలు లేచాయి. ఆ పైపులు చాలవని పై ఆఫీసులో మళ్ళీ చెప్పాను. అసిస్టెంటు ఇంజనీరు బెంగాలీ పెద్దమనిషి, చెడ్డవాడేం కాదు. "దాదా, మీ పెన్షన్ ఇంకా చాలా దూరంలో ఉంది" అని మాత్రం అన్నారు.

కాలువ దిగువన చివరి క్వార్టరు కృపమ్మది. రైల్వే ఆసుపత్రిలో ఆయా. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. పక్షవాతంతో మంచం దిగలేని తల్లి ఆమె దగ్గరుండేది. కృపమ్మ డ్యూటీకి వెళితే ముసలామె ఇంట్లో ఒక్కతే. కాలువలో మట్టి పోస్తున్న రోజే కృపమ్మ నా ఆఫీసుకి వచ్చింది.

"ఏటి బాబూ ఇది? వానలొస్తే నీల్లెటెల్తాయి? మాయమ్మ మంచం దిగనేదు. నేను డూటీలో ఉన్నప్పుడు నీల్లొచ్చీస్తే దాన్నెవులు సూస్తారు?" అంది.

ఇంకో క్వార్టరు ఇప్పించమంది. కేటాయింపు ఐ.ఓ.డబ్ల్యూ. చేతిలో ఉండదు, దానికి వేరే కమిటీ. ఆ కమిటీకి చెప్పాను. ఊరు మరీ పెరిగిపోయింది, ఒక్క ఖాళీ లేదన్నారు. ఊరు పెరిగిందన్న సంగతి వాళ్ళకి అప్పుడు మాత్రం గుర్తొచ్చింది. నా అధికారంలో ఉన్నదల్లా ఇటుకలు. ఖలాసీలని పంపి ముసలామె మంచంకోళ్ళ కింద వరసలు పేర్పించాను.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పెద్దవాన పట్టుకుంది. బజారు పలకల మీద పొడిగా, దర్జాగా నిలబడింది. జనం గొడుగులేసుకుని బేరాలాడుతున్నారు. వాళ్ళ కాళ్ళ కింద పోవాల్సిన నీళ్ళు పైపుల్లో పట్టక, బజారు పక్కగా పొర్లి, దిగువ క్వార్టర్లలోకి మోకాలిలోతున చొచ్చుకొచ్చాయి. కృపమ్మ డ్యూటీలో ఉంది. నేనూ ఇద్దరు ఖలాసీలూ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి గిన్నెలు తేలుతున్నాయి. నీళ్ళు మంచం నులకని తాకడానికి వేలెడు ఎడం ఉంది. ముసలామె కోపంతో ఊగిపోతోంది.

"కాలవ మూసీసిన ఎదవలెవులో పిలండి! మంచం కింద ఎట్టుకున్న సుట్టలన్నీ తడిసిపోనాయి" అంది.

ఆ ఇటుకలే లేకపోతే ఆమె ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పై ఆఫీసు మాత్రం అసాధారణ వర్షపాతం అని తేల్చేసింది. ఆ అసాధారణ వర్షపాతం ఖరగ్‌పూర్‌లో ఏటా పడుతుంది.

మళ్ళీ చలికాలం, మళ్ళీ తనిఖీ, అదే పెద్దాయన. బజారు చూసి మురిసిపోయి ఫొటోలు దిగారు. తనిఖీలో సిబ్బంది క్వార్టరు ఒకటి లోపలికెళ్ళి చూడడం రివాజు. నేను ఆయన్ని చివరి క్వార్టరుకి నడిపించాను. మంచం అంత ఎత్తున ఎందుకుందని అడిగారు.

"మీ బజారు కింద పారాల్సిన నీల్లు మాయింట్లో పారినాయి బాబూ. వానలొస్తే మల్లీ వస్తాయి గదా, అందుకే ఇటికిలు తియ్యనేదు" అంది కృపమ్మ.

నేను ఒక్క ముక్క తగ్గించకుండా హిందీలో చెప్పాను. పెద్దాయన మంచం కిందికి కాసేపు చూసి, అసిస్టెంటు ఇంజనీరు చెవిలో ఏదో చెప్పి బయటికి నడిచారు. ఏమన్నారని అసిస్టెంటు ఇంజనీరుని అడిగాను. ఆయన నా మొహం చూడకుండా, ఇటుకలు అసహ్యంగా ఉన్నాయట, సున్నం కొట్టించమన్నారు అని చెప్పారు.

కొట్టించాం. కృపమ్మ ఆ క్వార్టరు ఖాళీ చేసేదాకా ఇటుకలు అక్కడే ఉన్నాయి. ఏటా తనిఖీ ముందు వాటికి కొత్త సున్నం పడేది. నాకు ఆ ఉద్యోగం నేర్పింది ఇంతే: ఊరు ఎంత పెరిగిందో తెలియాలంటే మేడలూ బజార్లూ చూడనక్కర్లేదు. పెద్దవాన రోజున దాని చివరి ఇంట్లో మంచం ఎంత ఎత్తున ఉందో చూస్తే చాలు.