మా అత్తగారి నడుముకున్న బిరడా

మా మామగారు పడవ కొన్నారని తెలిసి ఊరంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? చాట్రాయి వైపు మెట్ట ఊరు మాది. మాకు మామిడి తోటలు తెలుసు, ఎండలు తెలుసు, ఎండిపోయే బోర్లు తెలుసు. పడవ సంగతి ఎవరికి తెలుసు? కానీ మా తోట చెరువుకి అవతల ఉంది. వేసవిలో చెరువు ఎండితే అడ్డంగా నడిచి పోవచ్చు. వానలకి నిండితే మాత్రం గట్టంతా చుట్టి వెళ్లాల్సిందే, వెళ్లేసరికి సగం పూట అయిపోయేది. అంటు మొక్కలు నాటేదేమో ఆ వానల్లోనే. అందుకని ఆయన కొల్లేరు వైపు వెళ్లి, పాత చెక్క పడవ ఒకటి బేరమాడి, ట్రాక్టరు మీద వేయించుకొచ్చారు. ఇది ఎనభైల మొదట్లో మాట. నేను కాపురానికి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు.

దింపి చూస్తే పడవ వెనక భాగంలో, అడుగున, బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంది.

"మోసపోయాంరా!" అన్నారు మామగారు.

పడవని గట్టెక్కించాక లోపలి నీళ్లు పోవడానికి ఆ రంధ్రమని, దానికో బిరడా ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆయన వడ్రంగిని పిలిపించి రంధ్రం మీద రేకు కొట్టించారు, దాని మీద తారు పూయించారు. ఇక చుక్క నీరు లోపలికి రాదని మీసం దువ్వుకున్నారు. నిజమే, లోపలికి రాలేదు. ఆ వారంలోనే కుండపోతగా వాన పడి, గట్టున ఉన్న పడవ గొడ్ల తొట్టిలా నిండింది. బయటికీ పోలేదు. పాలేళ్లంతా కలిసి పట్టినా కదల్లేదు. అందరం చెంబులతో తోడాం.

"చేలో బావి ఉండగా ఇంకో బావి ఎందుకు కొన్నారండీ?" అని మా ఆయన్ని అడిగాను, మామగారికి వినపడేలాగే. కొత్త కోడలికి నోరెక్కువని ఆ రోజే పేరొచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు.

రేకు ఊడదీయించాక బిరడా వేట మొదలైంది. మా ఆయన హనుమాన్ జంక్షన్ నుంచి రబ్బరు బిరడా తెస్తానంటే మామగారు ఒప్పుకోలేదు. "మామిడి తోట ఉన్నోణ్ణి, బిరడా బజార్లో కొనుక్కోవాలా?" అన్నారు. మామిడి కొమ్మ నరికించి, ఒక చివర సన్నగా చెక్కించారు. మామిడి చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బింది కాబట్టి గట్టిగా పట్టిందని మురిసిపోయారు. గట్టెక్కించాక తీయబోతే రాలేదు. సుత్తితో కొట్టి ఊడగొట్టి ఎండలో పెడితే కుదించుకుపోయి బీట వారింది. ఇంకోటి చెక్కించారు, అదీ అంతే. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి, చెక్క మార్చమంటే వింటారా! మామిడిని ఒక్క మాటంటే తన తోటనే తిట్టినట్టు చూసేవారు.

చివరికి దారి చూపింది అత్తగారు. ఆవిడ ఎన్నడూ పడవ ఎక్కింది లేదు. తీర్థానికెళ్లి నది దగ్గర కూర్చున్నా ఒడ్డునే చెంబుతో పోసుకునే మనిషి. మా గోల భరించలేక వంటింట్లోంచి వచ్చి, ఆ మామిడి బిరడా అందుకుని, నువ్వుల నూనెలో ముంచిన పాత గుడ్డ ముక్క దానికి చుట్టింది. "ఆవకాయ జాడీ మూతికి గుడ్డ చుట్టి వాసెన గట్టేవాళ్లం కాదా? ఇదీ అంతే" అంది. నీళ్లు ఆగాయి. తీసేటప్పుడు హాయిగా వచ్చింది కూడా.

కానీ తీసిన బిరడా ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తుండేది కాదు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్నట్టుండేది దాని బతుకు. అత్తగారు విసిగిపోయి దానికి తాడు కట్టి, నడుముకున్న తాళాల గుత్తిలో దోపుకుంది. ఆ రోజు నుంచి మామగారైనా సరే, పడవ దింపాలంటే వంటింటి గుమ్మంలో నిలబడి "ఏమే, బిరడా ఇయ్యి" అని అడగాల్సిందే. ఆ అడగడం చూడ్డానికి నేను ఏ పనున్నా మానుకుని వచ్చేదాన్ని.

ఆ వానాకాలంలోనే అత్తగారికి పెద్ద పని పడింది. జి. కొండూరు వైపు ఆవిడ పుట్టిల్లు. తండ్రి పోయాక అన్నదమ్ములు ఆ ఇల్లు, పెరడు అమ్మేశారు. పెరట్లో ఆవిడ తండ్రి టెంక నాటి పెంచిన రసం మామిడి చెట్టుండేది. కొన్నవాళ్లు కొట్టేస్తామంటే, వాళ్లని బతిమాలి, రెండు కుండల్లో మొక్కలు పట్టుకెళ్లి ఆ కొమ్మలకి అంటు కట్టించుకుంది. ఒకటి ఎండిపోయింది. ఒకటి చిగురేసింది. అంటు అతుక్కున్నాక దాన్ని చెట్టు నుంచి కోసి ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకే అక్కడ చెట్టు కొట్టేశారని కబురొచ్చింది. ఇక ఆ కుండలో ఉన్నదే ఆ చెట్టు.

"పీచు కాయ, బజారుకి పనికిరాదు. సరే, మనుషుల చేత నాటిస్తాలే" అన్నారు మామగారు.

"నా చేత్తో నేనే నాటుకుంటాను" అంది అత్తగారు.

అలా నీళ్లంటే భయపడే మనిషి, ఒళ్లో కుండ పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పడవలో కూర్చుంది. మా ఆయన గడ వేస్తున్నారు. నేను అత్తగారికి ఎదురుగా కూర్చున్నాను. మామగారు గట్టు మీద నిలబడి సలహాలిస్తున్నారు.

బిరడాని లోపలి నుంచి పెడతాం కాబట్టి నీళ్లు కింద నుంచి దాన్ని తోస్తూనే ఉంటాయి. చెరువు మధ్యకి వచ్చాక అత్తగారు కుండని కాళ్ల దగ్గర దించి సర్దుకోబోయింది. కుండ అడుగు తగిలి బిరడా ఊడింది, చుట్టిన గుడ్డ జారిపోయింది. నీళ్లు బుగ్గలా పైకి తన్నాయి. బిరడా మళ్లీ దోపాను, వదులుగా ఉండి పైకే వస్తోంది.

"అమ్మా, కుండ వదిలెయ్యి! నీళ్లు తోడు!" అని మా ఆయన అరిచారు.

"వదల్ను. నువ్వు గడ వెయ్యి" అంది అత్తగారు. ఒక చేత్తో కుండని పొట్టకి అదుముకుని, పంటితో కొంగు చివర చించి నాకిచ్చింది. "జాడీకి చుట్టినట్టు చుట్టవే" అంది. చుట్టి దోపాను. వెంటనే దాని మీద మడమ పెట్టి, బరువంతా వేసి నొక్కింది. అప్పుడు చూశాను, ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. అవతలి ఒడ్డు దాకా ఆ కాలు తీయలేదు. నేను నీళ్లు తోడుతూనే ఉన్నాను.

తడి చీరతోనే గుంట దగ్గర కూర్చుని మొక్క నాటింది. నాటాక, చిన్నపిల్లలా నవ్వింది. నాకు ఆవిడ మీద అంతులేని ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

మర్నాడు మామగారు తన రబ్బరు చెప్పు ఒకటి తీసి గుండ్రటి బిళ్లలు కోశారు. మోటారు సామానులోంచి ఒక బోల్టు, దానికి చేత్తో తిప్పే చెవుల నట్టు వెతికి, రబ్బరు బిళ్లల్ని మధ్యలో గుచ్చి బిగించారు. నట్టు తిప్పితే రబ్బరు పక్కలకి ఉబ్బి రంధ్రాన్ని పట్టేసేది, తన్నినా ఊడేది కాదు. దాన్ని అత్తగారి చేతిలో పెట్టి, "మామిడి అన్నిటికీ పనికిరాదులే" అన్నారు. ఆయన నోట ఆ మాట మళ్లీ ఎన్నడూ వినలేదు.

ఏళ్లు గడిచి ఆ చెట్టు కాపుకొచ్చింది. మామిడి పండేది ఎండల్లో కదా, అప్పటికి చెరువులో నీళ్లెక్కడివి? పడవ గట్టున బోర్లా పడి ఉంది. అత్తగారూ నేనూ నెర్రెలిచ్చిన చెరువు మధ్యగా నడిచి వెళ్లాం. ఆవిడ నడుముకి తాళాలతోపాటు బిరడా ఊగుతూనే ఉంది.

"నీళ్లే లేవు కదత్తయ్యా, అదెందుకు?" అన్నాను.

"ఉండనీ, అలవాటైపోయింది" అంది.

చెట్టు కింద రాలిన పండు తీసి, మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి రసం పీల్చింది. పండు అయిపోయాక కూడా టెంకని చాలాసేపు చీకుతూ కూర్చుంది. నేను ఆవిడని పలకరించలేదు, నాకది ఎంత కష్టమో ఇంట్లో అందరికీ తెలుసు.

తిరిగొచ్చేసరికి మామగారు అరుగు మీద ఉన్నారు. "ఇంత ఎండలో ఎక్కడికి పోయావే?" అన్నారు.

అత్తగారు కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి నడిచింది.

"పుట్టింటికెళ్లొచ్చాను" అంది.