దొరకి పోసిన చుక్కలు

మొన్న ఆదివారం పొద్దున మా గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ మెసేజ్ పెట్టింది. వాళ్ళ పిల్లికి ఒళ్ళు కాలిపోతోందట, పారాసిటమాల్ ఎంత వెయ్యాలో చెప్పమంది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే సలహాదార్లు దిగిపోయారు. ఒకాయన పావు బిళ్ళ చాలన్నాడు. ఇంకొకావిడ పసిపిల్లల సిరప్ అయితే ఏ భయమూ లేదంది. ఇంకో పెద్దమనిషి తన కుక్కకి ఏమేం వేసేవాడో చెప్పి, కుక్కకి పనికొచ్చింది పిల్లికి ఎందుకు పనికిరాదని తీర్పిచ్చేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది పిల్లికి విషం, చుక్క కూడా వెయ్యకండి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఇప్పటికే వేసుంటే ఆ సంగతి ఆయనకి దాచకుండా చెప్పండి అని టకటకా కొట్టి పంపాను. చాలక మళ్ళీ పంపాను. "ఆంటీజీ, మీరు డాక్టరా?" అని ఎవరో కుర్రాడు అడిగాడు. కాదు నాయనా, మా పెద్దమ్మ ఇంట్లో ఉండొచ్చాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు గుర్గావ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, ఆడపిల్ల ఢిల్లీలో ఒంటరిగా ఎలా ఉంటుందని మా అమ్మ నన్ను పెద్దమ్మకి అప్పగించింది. పెద్దమ్మ ఒక పెద్ద ఆసుపత్రిలో పిల్లల వార్డుకి హెడ్ సిస్టర్. తెనాలి వైపు నుంచి నర్సు ఉద్యోగానికి ఢిల్లీలో దిగిన ప్రతి పిల్లా ముందు ఆవిడ ఇంట్లో అన్నం తిన్నాకే హాస్టల్ వెతుక్కునేది. ఇంటి వరండాలో పసిపిల్లల్ని తూచే యంత్రం ఒకటి ఉండేది. వార్డులో పాతబడిపోయిందని తీసేస్తే అడిగి తెచ్చుకుందట. వీధిలో ఏ బిడ్డకి జ్వరమొచ్చినా తల్లులు ఆ యంత్రం దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పెద్దమ్మ బిడ్డని పడుకోబెట్టి, ముల్లు ఆగేదాకా చూసి, పెదాలు కదిలించి లెక్కేసి, ఇన్ని చుక్కలు అని చెప్పేది. ఆ లెక్క తప్పినట్టు నేనెప్పుడూ వినలేదు. ఆ మాట ఒప్పుకోవాలి, ఎంత కోపమున్నా. వచ్చిన ప్రతి తల్లినీ ముందు ఒకటే అడిగేది, "ఇంట్లో ఏం పోశావో చెప్పవే తల్లీ. దాస్తే చచ్చేది నీ బిడ్డే. నేను తిట్టన్లే." వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆవిడ తిట్టేది. ఆ తర్వాత వాళ్ళకి టీ ఇచ్చేది.

పెదనాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో మాటలన్నీ పెద్దమ్మవే కాబట్టి ఆయనకి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. దొర వచ్చాకే మళ్ళీ గొంతు విప్పాడు. దొర అంటే పిల్లి. తెల్లగా, బోర విరుచుకుని, మెట్ల మీద ఎవరొచ్చినా పక్కకి జరక్కుండా కూర్చునేది కాబట్టి ఆయనే ఆ పేరు పెట్టాడు. పొద్దున్నే డిపో నుంచి పాలు తెచ్చి, ముందు దొర గిన్నెలో పోశాకే మా కాఫీ సంగతి. పేపర్లో వార్తలు దానికి చదివి వినిపించేవాడు. "చూశావా దొరా, మళ్ళీ ఉల్లిపాయల ధర పెంచారు, ఏం బతకమంటావు?" అంటుంటే వంటింట్లో పెద్దమ్మ, "నాతో పది మాటలు ఆడటానికి బద్ధకం, పిల్లితో మాత్రం పురాణం" అని సణిగేది. అలా అంటూనే ఆదివారం చేపలు కడిగేటప్పుడు తలకాయ పక్కన పెట్టేది. ఆవిడకి దొరంటే కిట్టదని ఎవరూ అనుకోకూడదు, అందుకే చెబుతున్నాను.

ఒక చలికాలం పొద్దున దొర ఎక్కడో కొట్లాడి, చెవి చించుకుని వచ్చింది. మంచం కింద దూరి పాలు ముట్టలేదు, ఒళ్ళు వేడిగా ఉంది. నేను ఆఫీసు క్యాబ్ ఎక్కేసరికి జరిగింది అంతే. నేను వెళ్ళాక, పెదనాన్న స్నానానికి వెళ్ళినప్పుడు, ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న పెద్దమ్మ దొరని తువ్వాల్లో చుట్టి ఆ తూకం యంత్రం మీద పెట్టింది. అప్పుడే పుట్టిన బిడ్డ బరువే ఉంది. ఇంకేం, బిడ్డ లెక్కే కట్టింది. పారాసిటమాల్ చుక్కలు డ్రాపర్‌తో కొలిచి దొర నోట్లో పోసింది. అంతకు ముందు వేసవిలో వీధి కుక్కకి విరేచనాలవుతుంటే చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు పోసి నిలబెట్టింది లెండి, ఆ ధైర్యం కూడా ఉంది. చదువులేని వాళ్ళయితే ఏ పసుపో రాసి ఊరుకునేవాళ్ళు. ఇంత కచ్చితంగా లెక్కేసి పిల్లికి విషం పెట్టడం పిల్లల వార్డు హెడ్ సిస్టర్ వల్లే అవుతుంది.

ఇక్కడిదాకా నాకు కోపం లేదు. తెలియక చేసింది. పిల్లి లివరు ఆ మందుని అరిగించలేదని అప్పట్లో మాలో ఎవరికి తెలుసు? నా కోపమంతా ఆ తర్వాత జరిగిన దాని మీద. గంటా రెండు గంటలకి దొర మూతి వాచింది, చిగుళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి, కుక్కలా నోరు తెరిచి రొప్పింది. పెదనాన్న దాన్ని శాలువాలో చుట్టుకుని, పెద్దమ్మని వెంటబెట్టుకుని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు చిగుళ్ళు చూసి, "ఏదైనా మందిచ్చారా? సచ్ బతాయియే, నిజం చెప్పండి" అని హిందీలో అడిగాడట. పెదనాన్నకి తెలియదు. ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ, "నహీ, కుఛ్ నహీ దియా" అంది. ఏమీ ఇవ్వలేదట! డాక్టరు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. ఆయన సెలైన్ ఎక్కించి, గాయానికి ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేశాడు.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి దొర పెదనాన్న ఒళ్ళో ఉంది. వంటింటి గట్టు మీద డ్రాపర్ కడిగి బోర్లించి ఉంది. ఇంట్లో పసిపిల్ల లేదు, మరి డ్రాపర్ ఎందుకు తడిసింది? అడిగాను. పెద్దమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "జ్వరానికి నాలుగు చుక్కలు పోశానే, అదేం మందు? పుట్టిన బిడ్డలకి పోస్తాం" అంది. నేను డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన తిట్టాడు, నాకర్థం కాని పంజాబీలో. ఆ తర్వాత దానికి విరుగుడుందని, అది మనుషుల మందేనని, బిళ్ళలు మింగేసిన పిల్లల కోసం పెద్దాసుపత్రుల్లో ఉంచుతారని, పొద్దునే చెప్పుంటే బతికే అవకాశం చాలా ఉండేదని చెప్పాడు. ఆయన చెప్పిన విరుగుడు పేరు నేను పైకి అన్నాను. పెద్దమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. ఆ పేరు ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆవిడ వార్డు బీరువాలోనే ఉంటుంది అది.

"ఫోన్ చెయ్యి పెద్దమ్మా, నేను వెళ్ళి తెస్తాను" అన్నాను.

"పిల్లి కోసం అడగనా? నేనే పోశానని డ్యూటీ డాక్టరుకి చెప్పనా? రేపట్నించి ఆ వార్డులో నా మాటెవరు వింటారే?"

"దొర చచ్చిపోతోంది!"

"ఊరుకోవే, అరవకు. ప్రార్థన చేస్తున్నాను."

ప్రార్థనట! నేను వీధుల వెంట మందుల షాపులు తిరిగాను. ప్రతి భయ్యా, "రేపు తెప్పిస్తాం మేడమ్" అన్నవాడే. ఆఖరికి ఒట్టి చేతులతో ఇంటికొచ్చేసరికి పెదనాన్న దొర చెవులు నిమురుతూనే ఉన్నాడు. అది పోయిందని ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది.

పోనీ, అక్కడితో ఆగిందా? ఆ ఆదివారం ఇంట్లో ప్రార్థన కూటానికి వచ్చిన వాళ్ళందరికీ పెద్దమ్మ కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది, పై అంతస్తు పంజాబీ ఆంటీ ఎలకల మందు పెట్టిందనీ, మూగజీవి అది తిని పోయిందనీ. ఆ ఆంటీ మాకు చలికాలమంతా క్యారెట్ హల్వా పంపిన మనిషి. మా ఇంట్లో ఎవరు దగ్గినా అల్లం టీ పట్టుకుని దిగేది. నేనింక పట్టలేకపోయాను. చేతిలో పాటల పుస్తకం కింద పెట్టి, "అబద్ధం. నువ్వు పోసిన చుక్కల వల్లే పోయింది. డాక్టరు అడిగితే దాచావు" అని అందరి ముందూ అనేశాను. ఆ గదిలో అంతమంది నర్సులున్నారు. అందులో ఒకావిడ మెల్లగా, "పెద్దవాళ్ళని అలా అనకూడదమ్మా" అంది. ఆ వారమే నేను పెట్టె సర్దుకుని లక్ష్మీ నగర్‌లో ఒక గది చూసుకున్నాను. వెళ్ళేముందు పైకెళ్ళి ఆంటీకి జరిగింది చెప్పాను. ఆవిడ నా తల నిమిరి, "నువ్వేం చేశావు బేటా" అంది. పెద్దమ్మతో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

కొన్నాళ్ళకి పెదనాన్న నన్ను అశోకా రోడ్డులో మన భోజనం దొరికే చోటికి రమ్మన్నాడు. గోంగూర అన్నంలో కలుపుకుంటూ కూర్చున్నాడు. నేనే ఉండబట్టలేక, ఇంకో పిల్లిని తెచ్చుకోరాదా పెదనాన్నా అన్నాను.

"తేవచ్చమ్మా" అన్నాడు. "మీ పెద్దమ్మ ఒక్కసారి నా దగ్గరైనా తప్పైందంటే తెచ్చుకుందును. ఆ కొత్త పిల్లికి ఒంట్లో బాగోకపోతే మళ్ళీ ఇంతే కదా. ఏం పోసిందో చెప్పదు. అలాంటి ఇంట్లోకి ఏ ప్రాణిని తెమ్మంటావు?"

ఆయన మళ్ళీ పిల్లిని తెచ్చుకోలేదు. పేపరు మనసులోనే చదువుకున్నాడు, పోయేదాకా. పెద్దమ్మ కూడా ఈమధ్యే పోయింది. సంతాప కూటంలో ఆవిడ చేతి చలవ గురించి అందరూ చెప్పారు, అందులో అబద్ధమేమీ లేదు. నేను వెనక వరసలో కూర్చుని డ్రాపర్ గురించే ఆలోచించాను. చనిపోయిన మనిషి మీద ఇంకా కోపమేమిటని మా అమ్మ తిడుతుంది. ఉంది మరి, ఏం చెయ్యను?

ఆ గ్రూపులో పిల్లి మెసేజ్ పెట్టినావిడ సాయంత్రం మళ్ళీ రాసింది. "ఆంటీ, మీరు చెప్పేలోపే సిరప్ పోసేశాను. సిగ్గేసింది కానీ వెళ్ళగానే డాక్టరుకి చెప్పేశాను. విరుగుడు ఎక్కించారు. గండం గడిచిందన్నారు." కింద పిల్లి ఫోటో ఉంది, ముందు కాలికి కట్టుతో, అందరి మీదా అలిగినట్టు చూస్తూ. చూసి సంతోషపడాల్సింది పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. దొరకి కూడా ఆ రోజు ఇంత టైమూ ఉంది, పొద్దున్నించి సాయంత్రం దాకా.